వాషింగ్ మెషిన్ డోర్ స్విచ్ తంటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా చుట్టాల్లో ఎవరింట్లో వాషింగ్ మెషిన్ మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది. నేను మెకానిక్‌ని కాదు. ఇంట్లో రెండు మూడు మెషిన్లు విప్పి, బిగించి, ఒకసారి రెండు స్క్రూలు మిగిల్చుకుని, మళ్ళీ విప్పి నేర్చుకున్నవాణ్ణి. అడిగే డౌట్లు మాత్రం ఎప్పుడూ అవే: డోర్ పడట్లేదు, డోర్ తెరుచుకోవట్లేదు, స్పిన్ తిరగట్లేదు, స్క్రీన్ మీద ఏవో అక్షరాలు వస్తున్నాయి. ప్రతిసారీ ఫోన్లో గంటసేపు చెప్పలేక అన్నీ ఇక్కడ రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. అందుకే ప్లగ్ పీకమనే మాట పదేపదే కనిపిస్తుంది, విసుక్కోకండి.

## విప్పే ముందు

డోర్ స్విచ్ అంటే అసలు ఏది? ఎక్కడుంటుంది?

మెషిన్ రకాన్ని బట్టి ఉంటుంది. ముందు వైపు గుండ్రటి అద్దం తలుపుండే ఫ్రంట్ లోడ్‌లో దీన్ని డోర్ లాక్ అంటారు. తలుపుకున్న కొక్కెం వెళ్ళి దూరే సన్నటి కంతకి సరిగ్గా వెనకాల, రబ్బరు చాటున ఉంటుంది. ఇది రెండు పనులు చేస్తుంది. తలుపుని బిగించి పట్టుకుంటుంది, తలుపు పడిందన్న కబురు మెషిన్‌ని నడిపే సర్క్యూట్ బోర్డుకి చేరవేస్తుంది. పైన మూత తెరిచే టాప్ లోడ్‌లో చాలావాటికి మూతలో చిన్న అయస్కాంతం, దాని కింద బాడీలో అయస్కాంతం దగ్గరికొస్తే పనిచేసే రీడ్ స్విచ్ ఉంటాయి. కొన్నింట్లో మీటతో నొక్కే స్విచ్ ఉంటుంది. మూత బిగుసుకుపోయే లాక్ కూడా కొత్త మోడళ్ళలో వస్తోంది. ఇక రెండు టబ్బుల సెమీ ఆటోమేటిక్‌లో, మనవాళ్ళు డ్రైయర్ అని పిలిచే స్పిన్ టబ్బు మూత కీలు దగ్గర రెండు రేకు ముక్కలుంటాయి, మూత వేస్తే ఒకదానికొకటి తగులుతాయి, తీస్తే విడిపోతాయి. అంతే, అందులో బ్రహ్మవిద్యేం లేదు.

మొదలుపెట్టే ముందు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

గోడ దగ్గర స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్ పీకి బయట పెట్టండి. మన ఇళ్ళలో వైరింగ్ చేసినవాళ్ళు ఒక్కోసారి ఫేజ్‌నీ న్యూట్రల్‌నీ అటూ ఇటూ మార్చేస్తారు, అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా లోపల 230 వోల్టులు వస్తూనే ఉంటాయి. ట్యాపు కట్టేయండి. కాళ్ళ కింద నీళ్ళు లేకుండా తుడుచుకోండి. సెమీ ఆటోమేటిక్ అయితే లోపల డబ్బాలాంటి కెపాసిటర్ ఉంటుంది, ప్లగ్ తీశాక కూడా దానిలో కరెంటు నిలవుండొచ్చు కాబట్టి దాని పిన్నులు ముట్టుకోవద్దు. వారంటీ ఇంకా ఉంటే అసలు స్క్రూడ్రైవర్ పట్టుకోకండి, వాళ్ళకి ఫోన్ చేయండి.

ఏ సామాన్లు కావాలి?

స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, సన్నటి చదును మూతిది ఒకటి, ముక్కు పటకారు, టార్చి, పాత టూత్ బ్రష్. కొన్ని ఫ్రంట్ లోడ్ మెషిన్లలో లాక్ స్క్రూల తలలు ఆరు మూలల నక్షత్రంలా ఉంటాయి, వాటికి టార్క్స్ బిట్ కావాలి, చాలావరకు టీ20 సరిపోతుంది. మల్టీమీటర్ ఉంటే సగం పని అయినట్టే. పసుప్పచ్చటి డీటీ 830 రకంలో, రెండు మొనలూ కలిపితే బీప్ కొట్టేది చాలు, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపులోనైనా దొరుకుతుంది. మల్టీమీటర్ చేసే పని లైను టెస్టర్‌తో జరగదు, అది కరెంటు ఉందో లేదో మాత్రమే చెబుతుంది.

## లక్షణాన్ని బట్టి

స్క్రీన్ మీద డీఈ అని వస్తోంది. లాక్ పోయినట్టేనా?

పోయినట్టు కాదు. తలుపు పడిందన్న కబురు బోర్డుకి అందలేదు, ఆ అక్షరాలకి అంతే అర్థం. ఎల్‌జీలో డీఈ, శాంసంగ్‌లో మోడల్‌ని బట్టి డీఈ లేదా డీసీ, బాష్‌లో ఎఫ్16 లేదా ఈ16 కనిపిస్తాయి. కబురు అందకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి: తలుపు పూర్తిగా పడకపోవడం, బట్ట ఇరుక్కోవడం, కంతలో సబ్బు గడ్డకట్టడం, కొక్కెం విరగడం, వైరు ఊడటం, లాక్ పోవడం, చివరికి బోర్డు పోవడం. ఈ వరసలోనే చూసుకుంటూ రండి. చవక కారణాలు ముందున్నాయి, ఎక్కువసార్లు దొంగ దొరికేది కూడా అక్కడే.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. డీఈ వచ్చింది, వచ్చిన మెకానిక్ తలుపు రెండుసార్లు వేసి తీసి, బోర్డు పోయింది సార్, ఏడు వేలవుతుంది అన్నాడు. రేపు చెప్తానని పంపించి, రాత్రి టార్చి పెట్టి కొక్కెం దూరే కంతలోకి చూస్తే లోపల తెల్లగా ఏదో ఉంది. సూదితో గీకితే పచ్చి శనగగింజంత డిటర్జెంట్ ముద్ద ఊడొచ్చింది, రాయిలా గట్టిపడి ఉంది. తలుపు వేశాను. టిక్ మంది. ఆ మెషిన్ అదే బోర్డుతో ఇప్పటికీ ఉతుకుతోంది.

స్క్రీన్ మీద సీఎల్ అని వస్తోంది, బటన్లేవీ పనిచేయట్లేదు. ఇది కూడా డోర్ సమస్యేనా?

కాదు. ఎల్‌జీ మెషిన్లలో సీఎల్ అంటే చైల్డ్ లాక్. పిల్లలు బటన్లు నొక్కకుండా పెట్టింది, మనమే తెలియక నొక్కేస్తాం. తాళం బొమ్మ ఉన్న బటన్‌ని లేదా చైల్డ్ లాక్ అని రాసున్న రెండు బటన్లని కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పోతుంది. దీనికోసం సర్వీస్ వాళ్ళని పిలిచి విజిటింగ్ చార్జీ కట్టినవాళ్ళు మా బిల్డింగ్‌లోనే ఉన్నారు.

తలుపు గట్టిగా వేశాను, అయినా స్టార్ట్ అవట్లేదు. ఇంకా గట్టిగా వేయనా?

వద్దు, గట్టిగా కొడితే కొక్కెం విరుగుతుంది. ముందు రబ్బరు చుట్టూ వేలుతో తడమండి. తలుపుకీ రబ్బరుకీ మధ్య లంగా బొందో, చున్నీ అంచో, పిల్లల సాక్సో చిక్కుకుని ఉంటుంది. చూడ్డానికి తలుపు పడినట్టే ఉంటుంది కానీ కొక్కెం లోపలికి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా దిగుతుంది, లాక్‌కి ఆ తేడా చాలు. బట్టలు మరీ కుక్కితే కూడా ఇంతే, లోపలినుంచి బట్ట తలుపుని తోస్తూ ఉంటుంది. డ్రమ్ములో పైన బెత్తెడు ఖాళీ ఉండాలి. దుప్పట్లప్పుడు మరీ చూసుకోండి, పొడిగా ఉన్నప్పుడు ఉబ్బి బయటికి తన్నుకొస్తాయి.

స్టార్ట్ నొక్కితే టిక్ టిక్ మని నాలుగైదు సార్లు కొట్టుకుని ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

ఇది మంచి గుర్తు, ఎందుకంటే బోర్డు నుంచి లాక్‌కి కరెంటు వెళ్తోందని తెలుస్తోంది. లాక్ ప్రయత్నిస్తోంది, పడట్లేదు, లేదా పడినా పడినట్టు వెనక్కి కబురు రావట్లేదు. మొదటిది అయితే కొక్కెం సరిగ్గా దిగట్లేదు: అరిచేత్తో తలుపుని కొక్కెం వైపు మెల్లగా నొక్కి పట్టుకుని స్టార్ట్ చేసి చూడండి. అలా పడితే లాక్ బాగానే ఉంది, కీలు వంగిందో కొక్కెం అరిగిందో చూసుకోవాలి. అలా నొక్కినా అదే కథ అయితే లాక్ లోపలి కాంటాక్ట్ కాలిపోయి ఉండొచ్చు. ప్లగ్ తీసి మీటరుతో చూడాల్సిందే.

అసలు టిక్ శబ్దమే రావట్లేదు.

తలుపు పూర్తిగా పడింది, ప్రోగ్రాం పెట్టారు, స్టార్ట్ నొక్కారు, అయినా నిశ్శబ్దం. ఒక్క క్షణం ఆగండి. పాత పద్ధతి లాక్‌లో చిన్న హీటర్ బిళ్ళ వేడెక్కి, దాని పక్కనున్న లోహపు పట్టీ వంగి, అప్పుడు టిక్ మంటుంది. దీనికి కొన్ని సెకన్లు పడుతుంది, వోల్టేజీ తక్కువగా ఉన్న సాయంత్రాలు ఇంకాస్త ఆలస్యం. పది సెకన్లయినా శబ్దం లేదంటే హీటర్ తెగి ఉండాలి, లేదా లాక్‌కి వెళ్ళే వైరు ఊడి ఉండాలి, లేదా బోర్డు కరెంటు ఇవ్వట్లేదు. ఎలకలుండే ఇల్లయితే వైరునే ముందు అనుమానించండి. మెషిన్ వెనక అట్ట లేచి ఉన్నా, కింద రెట్టలు కనిపించినా ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఉతకడం బాగానే ఉతుకుతోంది, స్పిన్ మధ్యలో డోర్ ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది.

ఉతికేటప్పుడు నిమిషానికి యాభై అరవై చుట్లు తిరిగే డ్రమ్ము స్పిన్‌లో వెయ్యికి పైగా తిరుగుతుంది. ఆ అదురుకి ఎక్కడో కాంటాక్ట్ ఒక క్షణం విడిపోతోంది, బోర్డు తలుపు తెరుచుకుందనుకుని ఆపేస్తోంది. ముందు మెషిన్ నాలుగు కాళ్ళూ నేలకి ఆనుతున్నాయో లేదో చూడండి. పై మూలల్ని చేత్తో నొక్కితే ఊగకూడదు. తర్వాత లాక్ వెనక కనెక్టర్ వదులుగా ఉందేమో. కీళ్ళ స్క్రూలు వదులైతే కూడా ఇంతే. టాప్ లోడ్ అయితే మూత అదిరి, అయస్కాంతం స్విచ్‌కి దూరమవుతూ ఉండొచ్చు. స్పిన్ మొదలయ్యాక మూత మీద చెయ్యి ఆనించి చూడండి, ఆగకుండా తిరిగితే కారణం తెలిసినట్టే. మూత కీలు దగ్గర ప్లాస్టిక్ బుష్ అరిగి ఉంటుంది, అదొక్కటి మారిస్తే చాలు.

సెమీ ఆటోమేటిక్‌లో ఉతికేది బాగుంది, డ్రైయర్ మాత్రం తిరగట్లేదు. మూత స్విచ్చేనా?

శబ్దం వినండి. టైమర్ తిప్పగానే జుయ్ మని మోటారు మూలుగుతూ టబ్బు కదలకపోతే స్విచ్ బాగున్నట్టే, మోటారు దాకా కరెంటు వెళ్తోంది. అప్పుడు అనుమానం కెపాసిటర్ మీద, లేదంటే వదలని బ్రేకు మీద, లేదా టబ్బు కింద చిక్కుకున్న చేతిరుమాలు మీద. ఏ చప్పుడూ లేకుండా టైమర్ ఒక్కటే టిక్కుటిక్కుమంటూ తిరిగితే మూత స్విచ్ దగ్గర కాంటాక్ట్ లేదు, లేదా స్పిన్ టైమర్ లోపలి కాంటాక్ట్ కాలింది, లేదా వైరుని ఎలక కొరికింది. మూతని అటూ ఇటూ నొక్కి కదిపినప్పుడు ఒక్కసారి తిరిగి ఆగితే మాత్రం ఖాయంగా మూత స్విచ్చే.

## తలుపు తెరుచుకోకపోతే

ఉతకడం అయిపోయి అయిదు నిమిషాలైంది, తలుపు రావట్లేదు. బట్టలు లోపలే ఉన్నాయి!

టెన్షన్ పడకండి, హ్యాండిల్ లాగకండి. అద్దంలోంచి చూడండి, లోపల నీళ్ళు నిలిచున్నాయా? ఉంటే మెషిన్ కావాలనే తలుపు తెరవట్లేదు, తెరిస్తే ఆ నీళ్ళన్నీ హాల్లోకి వస్తాయి. అసలు సమస్య డ్రెయిన్ దగ్గరుంది. ముందు కింద మూల చిన్న తలుపు తీసి, బకెట్టో పళ్ళెమో పెట్టి, సన్నటి గొట్టం ఉంటే దానిలోంచి నీళ్ళు వదిలేయండి. ఆ తర్వాత ఫిల్టర్ మెల్లగా తిప్పి తీయండి. నాణేలు, పిన్నీసులు, జుట్టు ముద్ద, ఒకసారి మాకు పూర్తి రుద్రాక్ష పూస దొరికింది. వేడినీళ్ళ ప్రోగ్రాం పెట్టుంటే చల్లారే వరకు కూడా తలుపు రాదు, అది రోగం కాదు. నీళ్ళూ లేవు, వేడీ లేదంటే ప్లగ్ తీసి ఒక ఐదు నిమిషాలు ఆగండి. హీటర్ బిళ్ళ ఉండే లాక్ అది చల్లారాక రెండు నిమిషాల్లో తనంతట తానే వదులుతుంది.

కరెంటు పోయింది, తలుపు లాక్‌లోనే ఉండిపోయింది. ఇన్వర్టర్ లేదు.

లాక్ రకాన్ని బట్టి ఉంటుంది. వేడితో పనిచేసే రకం కరెంటు పోయిన కాసేపటికి వదిలేస్తుంది. కాయిల్‌తో టక్కుమని పడే కొత్త రకం వదలదు, తెరవడానికి కూడా దానికి కరెంటు కావాలి. అందుకే కొన్ని మోడళ్ళలో ఫిల్టర్ తలుపు వెనక ఒక చిన్న పట్టీ పెడతారు, నారింజ రంగులోనో మరో రంగులోనో ఉంటుంది. ప్లగ్ తీసి, నీళ్ళు పూర్తిగా వదిలేసి, దాన్ని కిందికి లాగితే తలుపు వస్తుంది. నీళ్ళుండగా లాగితే ఏమవుతుందో ఇల్లు తుడిచేవాళ్ళని అడగండి.

హ్యాండిల్ లాగితే చేతికి ఊడొచ్చింది. ఇప్పుడెలా?

లాక్ వదిలేసినా హ్యాండిల్ విరిగితే కొక్కేన్ని కదిపేది ఉండదు. ప్లగ్ తీసి కాసేపు ఆగండి. గట్టి నైలాన్ దారం తీసుకుని, తలుపుకీ బాడీకీ మధ్య సందులో కొక్కెం ఉన్న వైపు దూర్చి, రెండు కొసలూ పట్టుకుని కీళ్ళ వైపు లాగండి. దారం కొక్కేన్ని పక్కకి నెడుతుంది, తలుపు టప్పుమని వస్తుంది. కుదరకపోతే పై మూత వెనకనున్న రెండు మూడు స్క్రూలు విప్పి, మూత తీసి, ముందు గోడ వెనకనుంచి చెయ్యి పెట్టి లాక్‌ని కదపాలి. రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, పాత చొక్కా ఏదైనా చేతికి చుట్టుకోండి. కొత్త హ్యాండిల్ సెట్టు చవకే, తలుపు విప్పి మార్చుకోవచ్చు.

## టెస్ట్ చేయడం

విప్పకుండా చేయగలిగేది ఏమైనా ఉందా?

ఉంది, ముందు అదే చేయాలి. ప్లగ్ తీసి, తలుపు తెరిచి, కొక్కేన్ని వేలుతో నొక్కి వదలండి, స్ప్రింగుతో చటుక్కున వెనక్కి రావాలి. వేలాడుతూ ఉంటే స్ప్రింగు ఊడింది, లేదా లోపలి పిన్ను పక్కకి జరిగింది. తలుపుని రెండు చేతులతో పట్టుకుని పైకి లేపండి, కీలు దగ్గర ఆట ఉంటే స్క్రూలు బిగించండి. తలుపు కిందికి వాలితే కొక్కెం కంతకి కింద తగులుతుంది, కంత అంచున గీతలు పడి ఉంటాయి, కంటికే కనిపిస్తాయి. తర్వాత కంత శుభ్రం చేయడం: గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండిన టూత్ బ్రష్‌తో, ఇంకా గట్టిగా ఉంటే నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళ చుక్కతో. బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో తెల్లటి ఉప్పు పొర ఇక్కడే పేరుకుంటుంది. కంతలోకి నీళ్ళు చిమ్మకండి, వెనక ఉన్నది కరెంటు వస్తువు.

మల్టీమీటర్‌తో ఫ్రంట్ లోడ్ లాక్‌ని ఎలా చూడాలి?

ప్లగ్ తీసిన మెషిన్లోంచి లాక్ బయటికి తీసి, కనెక్టర్ విడదీశాకే. వేడి రకం లాక్‌కి సాధారణంగా మూడు పిన్నులుంటాయి, కొన్నింటి మీద ఎల్, ఎన్, సీ అని ఉంటుంది. ఎల్, ఎన్ మధ్య హీటర్ బిళ్ళ: చల్లగా ఉన్నప్పుడు కొన్ని వందల నుంచి వెయ్యీ రెండు వేల ఓముల మధ్య ఏదో ఒక అంకె రావాలి, ఏ అంకె అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఏ అంకే రాకపోతే బిళ్ళ తెగింది, కథ కంచికి. ఎల్, సీ మధ్య ఉన్నది లాక్ పడితేనే కలిసే కాంటాక్ట్, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు బీప్ రాకూడదు. ఏమీ చేయకుండానే బీప్ వస్తోందంటే లోపలి కాంటాక్ట్ కరిగి అతుక్కుపోయింది, అదీ పోయినట్టే. అక్షరాలు లేకపోతే మూడు జతలూ కొలవండి, అంకె వచ్చే జతే హీటర్.

మీటరు బాగుందన్నా లాక్ బాగుందని పూర్తిగా నమ్మలేం, ఎందుకంటే మనం కొలిచేది చల్లగా, లోడు లేకుండా. నల్లగా మాడిన పిన్ను, కరిగిన ప్లాస్టిక్, కాలిన వాసన ఉంటే మీటరు మాట పక్కన పెట్టి మార్చేయండి. నాలుగైదు పిన్నులున్న కాయిల్ రకం అయితే ఏ పిన్ను ఏదన్నది మోడల్‌కో తీరు. ఆ మోడల్ వైరింగ్ బొమ్మ దొరక్కపోతే కొలతల మీద తీర్పు చెప్పొద్దు.

టాప్ లోడ్ మూత స్విచ్ సంగతి?

అయస్కాంతం రకం అయితే సులువు. మెషిన్ ఆన్ చేసి, ఉతకడం మొదలుపెట్టకుండా, మూత తెరిచి, ఫ్రిజ్ మీద అంటించే గట్టి అయస్కాంతాన్ని మూత అయస్కాంతం ఆనే చోట బాడీ మీద మెల్లగా జరపండి. మూత తెరిచి ఉందన్న గుర్తు స్క్రీన్ మీంచి పోతే స్విచ్ బతికే ఉంది, మూతలోని అయస్కాంతం ఊడిపోయింది లేదా పక్కకి జరిగింది. ఏ స్పందనా లేకపోతే ప్లగ్ తీసి, పై ప్యానెల్ విప్పి, రీడ్ స్విచ్ రెండు వైర్లకీ మీటరు పెట్టి చూడండి. అయస్కాంతం దగ్గరికి తెస్తే బీప్ మారాలి. ఈ పరీక్ష అయ్యాక ఆ అయస్కాంతాన్ని అక్కడే అతికించి వదిలేయకండి.

సెమీ ఆటోమేటిక్ రేకు స్విచ్‌ని బాగుచేసుకోవచ్చా?

నిక్షేపంగా. ప్లగ్ తీసి, పై ప్యానెల్ వెనక స్క్రూలు విప్పి, డ్రైయర్ మూత కీలు దగ్గర చూడండి. రెండు ఇత్తడి రేకులు, చివర్లో చుక్కల్లాంటి కాంటాక్టులు. తేమకి పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. సన్నటి గరుకు కాగితం చిన్న ముక్క మధ్యలో పెట్టి రెండుసార్లు లాగితే మెరుస్తుంది, అంతకన్నా రుద్దకండి. రేకు వంగి దూరమైతే ముక్కు పటకారుతో కొద్దిగా దగ్గరికి వంచండి. మూత వేస్తే బీప్ రావాలి, తీస్తే ఆగాలి. రెండోదే ముఖ్యం. మూత తీసినా బీప్ వస్తోందంటే ఎక్కువ వంచేశారు, వెనక్కి వంచండి. అక్కడే బ్రేకు తీగ కూడా ఉంటుంది, దాన్ని పక్కకి తోసేయలేదు కదా చూసుకోండి.

## మార్చడం

స్విచ్ తీసేసి రెండు వైర్లూ కలిపేస్తే పోలా? మెకానిక్ కూడా డైరెక్ట్ చేసేస్తానన్నాడు.

చేస్తాడు, పది నిమిషాల పని, డబ్బులు చేతికొస్తాయి, మీరూ సంతోషిస్తారు. ఆ తర్వాత మూత తీసినా డ్రైయర్ తిరుగుతూనే ఉంటుంది. స్పిన్ టబ్బు తిరుగుతుంటే లోపలి బట్ట కొస వేలికి చుట్టుకుందంటే చెయ్యి వెనక్కి తీసుకునే టైముండదు. ఇంట్లో బట్టలు తీసేది ఎవరు? అమ్మ, పనిచేసే ఆవిడ, బకెట్టు మీదెక్కి తొంగిచూసే నాలుగేళ్ళ పిల్లాడు. మూత తీస్తే ఆగుతుందన్న అలవాటుతోనే వాళ్ళు చెయ్యి పెడతారు. ఫ్రంట్ లోడ్‌లో అయితే నీళ్ళు నిండుండగా తలుపు వచ్చేస్తుంది. నేను టెస్ట్ కోసం కూడా చేయను. కొత్త స్విచ్ దొరికేదాకా బట్టలు చేత్తో పిండుకోండి, ఈ విషయంలో నాతో వాదించకండి.

కొత్త లాక్ కొనేటప్పుడు ఏం చూడాలి? ఎంతవుతుంది?

మెషిన్ పేరు చెబితే సరిపోదు, పూర్తి మోడల్ నంబరు కావాలి. తలుపు లోపలి అంచు మీదో వెనకవైపో స్టిక్కర్ ఉంటుంది, ఫోటో తీసుకోండి. పాత లాక్ తీసి ముందూ వెనకా ఫోటోలు తీసి, దాని మీద అచ్చైన నంబరు చూసి, పిన్నులెన్నో లెక్కపెట్టి, స్క్రూ కంతల దూరం పోల్చాకే డబ్బు కట్టండి. వీలైతే పాతది జేబులో వేసుకుని షాపుకెళ్ళడమే మేలు. ఫ్రంట్ లోడ్ లాక్ మోడల్‌ని బట్టి కొన్ని వందల నుంచి వెయ్యీ పదిహేను వందల దాకా ఉంటుంది, సెమీ ఆటోమేటిక్ రేకు స్విచ్ అందులో చాలా తక్కువకే వస్తుంది.

ఫ్రంట్ లోడ్ లాక్‌ని నేనే మార్చగలనా? వరసగా చెప్పండి.

గంట టైమూ ఓపికా ఉంటే మార్చగలరు. ప్లగ్ పీకండి, ట్యాపు కట్టండి, తలుపు తెరవండి. రబ్బరు బయటి అంచు చుట్టూ గాడిలో సన్నటి తీగ కట్టు ఉంటుంది, దానికి ఒకచోట, ఎక్కువగా కింది భాగంలో, చిన్న స్ప్రింగు ఉంటుంది. ఆ స్ప్రింగు దగ్గర చదును స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా పైకి లేపితే కట్టు ఊడొస్తుంది. రబ్బరుని చింపకూడదు, స్క్రూడ్రైవర్ మొన రబ్బరు వైపు పెట్టకండి. ఇప్పుడు లాక్ ఉన్న వైపు రబ్బరు అంచుని వేళ్ళతో రేకు మీంచి వెనక్కి తోయండి, మొత్తం తీయక్కర్లేదు, చెయ్యి పట్టేంత చాలు.

ముందు రేకు మీద కంతకి పైనా కిందా రెండు స్క్రూలుంటాయి. ఒక చెయ్యి లోపల పెట్టి లాక్‌ని పట్టుకునే ఉండి విప్పండి, లేకపోతే లోపలికి జారి వైరుకి వేలాడుతుంది. బయటికి తెచ్చి, ముందు ఫోటో తీసి, కనెక్టర్ పక్కనున్న నాలుకని నొక్కి లాగండి. వైర్లు పట్టుకుని లాగొద్దు. కొత్తదానికి తగిలించండి, టక్కున కూర్చోవాలి. స్క్రూలు బిగించండి, ప్లాస్టిక్ పగిలేంత కాదు. తలుపు ఒకసారి వేసి తీసి చూసుకోండి. రబ్బరు అంచుని చుట్టూ రేకు మీదికి ఎక్కించాక తీగ కట్టు. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో కష్టమంతా ఈ కట్టు దగ్గరే ఉంది. స్ప్రింగు లేని పైభాగం ముందు గాడిలో పెట్టి, రెండువైపులా కిందికి దించుతూ వచ్చి, చివర్లో స్ప్రింగు సాగదీసి కూర్చోబెట్టాలి. ఇంకో మనిషి రెండు బొటనవేళ్ళతో పైన నొక్కి పడితే పది నిమిషాలు, ఒక్కరే అయితే తిట్లతో కలిపి నలభై.

మార్చాక ఎలా చెక్ చేయాలి?

బట్టలేమీ వేయకుండా రిన్స్, స్పిన్ పెట్టండి. టిక్ విన్నారా, నీళ్ళు వస్తున్నాయా, రబ్బరు కింది అంచున చుక్కలేమైనా కారుతున్నాయా, అంతే. కారితే కట్టు అక్కడ గాడిలో కూర్చోలేదు. స్పిన్ అయ్యాక రెండు నిమిషాలాగి తలుపు తీసి చూడండి.

## ఇంకా తేలకపోతే

కొత్త లాక్ వేసినా అదే ఎర్రర్. డబ్బులు దండగేనా?

లాక్‌కీ బోర్డుకీ మధ్య వైరు మిగిలింది, బోర్డు మిగిలింది. ప్లగ్ తీసి రెండు చివర్లా కనెక్టర్లు విడదీసి, ఒక్కో వైరుకీ ఈ కొస నుంచి ఆ కొసకి బీప్ చూడండి. పైకి బాగున్నట్టు కనిపించే వైరు లోపల తెగి ఉండొచ్చు, కాబట్టి కదుపుతూ చూడాలి. వైర్లన్నీ బీప్ ఇస్తే బోర్డే. బోర్డు విప్పితే బల్లి చచ్చి అతుక్కునో, చీమలు పుట్ట పెట్టో ఉండటం మన ఊళ్ళలో కొత్త కాదు. ప్లగ్ పెట్టి లోపల వోల్టేజీ కొలిచే పని మాత్రం ఇంట్లో చేయొద్దు, అక్కడినుంచి తెలిసినవాళ్ళకి వదిలేయండి. బోర్డులు రిపేరు చేసే షాపులున్నాయి, కొత్తది కొనేముందు వాళ్ళకి చూపించండి.

మెకానిక్ మోసం చేయకుండా ఎలా?

ఏం లక్షణం, ఎప్పుడొస్తోంది, టిక్ వస్తోందా రాదా అన్నది మీరే ముందు చెప్పండి, చూసుకున్నవాళ్ళతో కాస్త జాగ్రత్తగానే మాట్లాడతారు. విజిటింగ్ చార్జీ ఎంతో ఫోన్లోనే అడగండి. మార్చిన పాత పార్టు మీ చేతికి తీసుకోండి, బిల్లు అడగండి. వారంటీలో ఉండి కూడా డబ్బులు గుంజితే బిల్లు పట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

మళ్ళీ పాడవకుండా ఏం చేయాలి?

పౌడర్ తగ్గించండి, ఆ నురగ ఎండి గడ్డకట్టేదంతా కంతలోనే. తలుపు మీద తడి బట్టలు ఆరేయడం, పిల్లలు పట్టుకుని ఊగడం మానిపించండి. ఉతికాక కంతా రబ్బరూ పొడిబట్టతో తుడిచి తలుపు ఓరగా వదిలేయండి. నూనె, గ్రీజు పూయకండి, దానికి పీచు అంటుకుని ఇంకో ముద్ద తయారవుతుంది.

పాత లాక్ పారేయొచ్చా?

పారేసే ముందు ఒకసారి విప్పి చూడండి, సరదాగా ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా ఊడదీస్తే లోపల రూపాయి బిళ్ళకన్నా చిన్న నల్లటి బిళ్ళ ఒకటి, దాని మీద వంగే పట్టీ, చివర్లో కాలి నల్లబడ్డ కాంటాక్టు చుక్క కనిపిస్తాయి. మాది ఇంకా టేబుల్ సొరుగులోనే ఉంది. డోర్ ఎర్రర్ అని ఎవరైనా ఇంటికొస్తే ముందు అదే తీసి చూపిస్తాను.